బిడ్డ టీకా కార్డు చూశాకే మిషనరీ కుటుంబానికి ప్రయాణం తేదీ పెట్టండి

సంపాదకుల వారికి,

మన విశాఖపట్నం సంఘాలు ఆఫ్రికా దేశాలకు సువార్త సేవకు పంపే జంటల్లో చంటిబిడ్డలున్నవాళ్లూ ఉంటున్నారు. సంఘ వార్షికోత్సవం నాడు వీడ్కోలు కూడిక పెడదామని పెద్దలు నిశ్చయిస్తారు, ఆ వారానికే టికెట్ తీస్తారు. అప్పటికి బిడ్డకి ఎన్నో నెల, ఏ టీకా పడింది, ఏది మిగిలింది అన్న ఆరా టికెట్ చేతికొచ్చాక గానీ మొదలవదు. ఈ వరస మారాలి. బిడ్డ ఉన్న కుటుంబానికి ప్రయాణం తేదీ టీకా కార్డు చూసి పెట్టాలి. వెళ్లాక మొదటి మూడు నెలలు అక్కడ ఇల్లు కుదుటపరుచుకోవడాన్ని కూడా సేవ కిందే లెక్కెయ్యాలి. మా విన్నపం ఇదే. ఎందుకంటున్నామో వివరంగా రాస్తున్నాం. ఉదాహరణకి ఉగాండాని తీసుకున్నాం. కెన్యా వెళ్లేవాళ్లకీ చాలావరకు ఇవే మాటలు.

తెలుగువాళ్లు సేవ కోసం సముద్రం దాటడం ఈనాటిది కాదు. 1903లోనే నెల్లూరు ప్రాంతం నుంచి రెవరెండ్ జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి, అక్కడ కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మధ్యకి వెళ్లారు. అంతకు దాదాపు వందేళ్ల ముందు, 1805లో, లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ మన విశాఖలోనే దిగారు. 1810 నాటికి ఇద్దరూ లేరు. మలేరియాని మోసేది దోమేనని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టింది 1897లో. అంటే వాళ్లకి దేని నుంచి కాచుకోవాలో కూడా తెలీదు. మనకి తెలుసు. తెలిసి కూడా పసిబిడ్డని తొందరపడి పంపడం తప్పు.

అన్నిటికన్నా ముందు ఎల్లో ఫీవర్, అంటే దోమ కాటుతో వచ్చే ఒక ప్రమాదకరమైన జ్వరం, దాని టీకా సంగతి. ఉగాండా, కెన్యా ఆ జ్వరం ఉన్న దేశాలు. ఆరు నెలలు నిండని బిడ్డకి ఈ టీకా వెయ్యకూడదు. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య, జ్వరం ప్రబలి ఉంటే తప్ప వెయ్యరు. మామూలుగా తొమ్మిది నెలలు నిండాకే. మన దగ్గర తట్టు, రుబెల్లాకి వేసే ఎం.ఆర్. మొదటి డోసు కూడా అప్పుడే పడుతుంది. చిక్కు వచ్చేది ఇక్కడే. రెండూ సజీవ వైరస్‌తో చేసిన టీకాలు. ఒకే రోజు వేర్వేరు చోట్ల వేయించాలి, లేదంటే మధ్యలో కనీసం నాలుగు వారాలు వదలాలి. ఏఎన్ఎం పిలిచిందని వెళ్లి ఎం.ఆర్. వేయించేసి, వారం తిరిగాక ఎల్లో ఫీవర్ కేంద్రానికి బిడ్డని తీసుకెళ్తే తిప్పి పంపేస్తారు. నాలుగు వారాలు ఆగి వేయించాక కూడా, ఎల్లో ఫీవర్ టీకా పడిందని కేంద్రం ఇచ్చే కార్డు చెల్లేది పదో రోజు నుంచే. అలా దగ్గర దగ్గర నలభై రోజులు గడిచిపోతాయి, ఈలోగా టికెట్ తేదీ దాటిపోతుంది. అదే ముందుగా ఏఎన్ఎంతోనూ, కేంద్రంతోనూ మాట్లాడుకుని రెండూ ఒకే రోజు పడేలా చూసుకుంటే, తొమ్మిది నెలలు నిండిన రెండు వారాలకి బిడ్డ ప్రయాణానికి సిద్ధం.

ఈ టీకా అన్ని ఆస్పత్రుల్లోనూ వెయ్యరు. కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. సాధారణంగా ఒక్కో సీసాలో చాలా డోసులు ఉంటాయి, కలిపిన మందు కొద్ది గంటల్లో అయిపోవాలి. అందుకే రోజులు పెట్టుకుని, పేర్లు రాయించుకున్నవాళ్లందరికీ ఒకేసారి వేస్తారు. పాస్‌పోర్టు నంబరు లేనిదే కార్డు రాయరు కాబట్టి బిడ్డ పాస్‌పోర్టు అప్పటికే చేతిలో ఉండాలి. ఇంకొకటి, ఈ టీకా కోడిగుడ్డులో పెంచిన వైరస్‌తో చేస్తారు. గుడ్డు పెట్టినప్పుడు బిడ్డకి ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు ఉబ్బడం కనిపించి ఉంటే డాక్టరుకి చెప్పి తీరాలి. ఏడో నెలలోనే బాగా ఉడికిన గుడ్డు కొద్దికొద్దిగా అలవాటు చేసి చూసుకోవడం మంచిదని మేం చెప్పేది ఇందుకు కూడా.

'నాలుగో నెలలోనే తీసుకెళ్లిపోతాం, టీకా అక్కడ వేయిస్తాం' అనేవాళ్లున్నారు. వాళ్లు తిరుగు ప్రయాణం మరిచిపోతున్నారు. ఆ దేశాల నుంచి ఆరు రోజుల లోపు మన దేశంలో దిగే ప్రతి మనిషినీ ఎల్లో ఫీవర్ కార్డు అడుగుతారు. మినహాయింపు ఆరు నెలలు నిండని పసివాళ్లకి మాత్రమే. ఊళ్లో తాతయ్యకి ప్రాణం మీదికొచ్చిందని ఎనిమిది నెలల బిడ్డతో తల్లి బయల్దేరితే, కార్డు లేని ఆ బిడ్డని దిగిన ఊళ్లోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు, బిడ్డతోపాటు తల్లీ అక్కడే ఆగిపోవాలి. టీకా వెయ్యడానికి కుదరని వయసు, కార్డు లేకపోతే ఆపేసే వయసు రెండూ కలిసేది ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్యే. ఆ మూడు నెలలూ ఇక్కడే గడపడం క్షేమం.

తల్లి విషయమూ ఉంది. పసిబిడ్డకి పాలిచ్చే తల్లికి ఈ టీకా వేస్తే, అందులోని వైరస్ పాల ద్వారా చేరి బిడ్డకి మెదడువాపు వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే, కానీ బిడ్డకి తొమ్మిది నెలలు దాటేదాకా తల్లి టీకా కూడా డాక్టరు సలహా మీదే. గర్భంతో ఉన్నప్పుడూ మామూలుగా వెయ్యరు. సేవకి పిలుపుందని తెలిసిన జంట పెళ్లయిన కొత్తలోనే, గర్భం రాకముందే వేయించేసుకుంటే ఈ బాధే ఉండదు. 2016 నుంచి ఈ కార్డు జీవితాంతం చెల్లుతుంది, పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోనక్కర్లేదు.

కాగితాల పని పుట్టిన వారంలోనే మొదలవ్వాలి. జననం 21 రోజుల్లో నమోదు కావాలి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం తప్ప వేరేదీ ఒప్పుకోరు. అందులో పేరు ఖాళీగా వదిలేస్తే మళ్లీ నగరపాలక సంస్థ జీవీఎంసీ చుట్టూ తిరగాలి. మన క్రైస్తవ కుటుంబాల్లో ఎక్కువగా తప్పు జరిగేది ఈ పేరు దగ్గరే. సంఘంలో బిడ్డని ప్రతిష్ఠించినప్పుడు పెట్టిన పేరు ఒకటి, ధ్రువపత్రంలో ఎక్కించింది ఒకటి ఉంటాయి. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి రాసి ఉంటుంది, బిడ్డ కాగితంలో పొడి అక్షరం ఉంటుంది. వీసా దగ్గర, అక్కడి ఇమిగ్రేషన్ దగ్గర ఈ బిడ్డ ఈ తండ్రి బిడ్డేనని నిరూపించుకోవాల్సి వస్తుంది. జనన నమోదుకి వెళ్లేటప్పుడే తండ్రి పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం చూసి రాయించండి.

మర్రిపాలెం పాస్‌పోర్టు కార్యాలయానికి తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెగ్జర్-డి అనే అంగీకార పత్రం, తెల్లటి నేపథ్యంలో తీసిన బిడ్డ ఫోటో తీసుకెళ్లాలి. నాలుగేళ్లలోపు పిల్లలకి అక్కడ ఫోటో తియ్యరు, మనమే తెచ్చుకోవాలి. కళ్లు తెరిచి ఉండాలి, పట్టుకున్నవాళ్ల చెయ్యి కనిపించకూడదు. తెల్ల దుప్పటి పరిచి, బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి పైనుంచి తీస్తే తేలిగ్గా వస్తుంది. పాస్‌పోర్టు అయిదేళ్లే చెల్లుతుంది. జనన ధ్రువపత్రం అక్కడ చూపించాలంటే ఇక్కడ అధికార ముద్ర పడాలి. కాగితాల గుర్తింపుకి సంబంధించిన హేగ్ ఒప్పందంలో ఉన్న దేశమైతే అపోస్టిల్ అనే ఒక్క ముద్ర చాలు, లేకపోతే విదేశాంగ శాఖ అటెస్టేషన్ అయ్యాక ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. పర్యాటక వీసా మీద వెళ్లి సేవ చెయ్యకండి. తండ్రికి పని అనుమతి, దాని ఆధారంగా తల్లికీ బిడ్డకీ వేర్వేరుగా డిపెండెంట్ పాస్ తీసుకోవాలి. రెండో బిడ్డ అక్కడే పుడితే ఏడాదిలోపు కంపాలాలోని భారత హైకమిషన్‌లో నమోదు చేయించండి. నమోదు చేయించకపోతే పౌరసత్వమే చిక్కుల్లో పడుతుంది.

ఇక మలేరియా. పాడేరు, అరకు ఎరిగిన మనకి మలేరియా కొత్త కాదు గానీ, అక్కడిది ఎక్కువగా ఫాల్సిపారం రకం, ఏడాది పొడుగునా ఉంటుంది, ఒంట్లో ఏ నిరోధమూ లేని పసిబిడ్డని ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాపాయంలోకి నెట్టగలదు. క్లోరోక్విన్ దాని మీద పనిచెయ్యదు, ఇక్కడి నుంచి ఆ మాత్రలు మూటగట్టుకెళ్లి లాభం లేదు. ముందుజాగ్రత్తగా ఇచ్చే మెఫ్లోక్విన్, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ లాంటివి బిడ్డ బరువు 5 కిలోలు దాటాకే, అదీ బరువుని బట్టి. బిడ్డ నెలనెలా పెరుగుతుంది కాబట్టి తూకం వేసి డోసు మళ్లీ లెక్క కట్టాలి. పోయిన నెల డోసే కొనసాగిస్తే చాలదు. డాక్సీసైక్లిన్ ఎనిమిదేళ్లలోపు పిల్లలకి వద్దు. తల్లి మందు వేసుకుంటే పాల ద్వారా బిడ్డకి రక్షణ వస్తుందన్నది అపోహ.

దోమతెరే అసలు ఆధారం. మన పూర్ణా మార్కెట్‌లో గొడుగులా తెరుచుకునే చిన్న తెరలు దొరుకుతాయి. పగటి నిద్రకి పనికొస్తాయి. రాత్రికి చాలవు. బిడ్డ బోర్లా పడటం నేర్చుకున్నాక చెయ్యో కాలో తెరకి ఆనుతుంది, దోమ బయటనుంచే కుట్టేస్తుంది. మందు పట్టించిన పెద్ద తెర అక్కడ తీసుకుని, మంచం మొత్తానికి కట్టి, అంచులు పరుపు కిందికి దోపాలి. కొత్త తెరని ఒక రోజు నీడలో గాలికి ఆరేశాకే కట్టండి. ఎండలో ఆరేస్తే, మాటిమాటికీ ఉతికితే మందు పోతుంది. దోమలు కుట్టకుండా ఒంటికి రాసే డీట్ మందు రెండు నెలలు దాటని బిడ్డకి వద్దు, ఆ తర్వాత కూడా అరచేతులకి రాయకూడదు, బిడ్డ చేతులు నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి. పుణె సీరం సంస్థ తయారుచేస్తున్న ఆర్21 మలేరియా టీకాని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సిఫారసు చేసింది, ఉగాండా 2025లో మొదలుపెట్టింది. నాలుగు డోసులు. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అందుతుంటే వేయించండి, అయినా తెర మానకండి.

జ్వరం వస్తే పళ్లొస్తున్నాయనీ, దిగదుడిచామనీ, ప్రార్థన చేయించామనీ ఒక రోజు కూడా గడపొద్దు. ప్రార్థన చెయ్యండి, చేస్తూనే అదే రోజు వేలి రక్తం పరీక్ష చేయించండి. పరీక్షలో లేదని వచ్చి, జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి.

పారాసెట్మాల్ దగ్గర ఒక ప్రమాదం ఉంది. మన దగ్గర చుక్కల మందులో మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటాయి. పిల్లల సిరప్‌లో మామూలుగా 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములే. 6 కిలోల బిడ్డకి కిలోకి 15 చొప్పున 90 మిల్లీగ్రాములు కావాలి. అది చుక్కల మందైతే 0.9 మిల్లీలీటరు, సిరప్ అయితే 3.75 మిల్లీలీటర్లు. ఇక్కడి నుంచి తెచ్చుకున్న చుక్కల మందు అయిపోయి అక్కడ సిరప్ కొని 0.9 మాత్రమే పోస్తే జ్వరం దిగదు. అంతకన్నా ఘోరం, సిరప్‌కి అలవాటుపడ్డ చెయ్యి చుక్కల సీసాలోంచి 3.75 పోస్తే నాలుగు రెట్లు ఎక్కువ పడుతుంది, కాలేయం దెబ్బతింటుంది. ఇంట్లో ఒక్క రకమే ఉంచండి, సీసా మీద బిడ్డ బరువు, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది మార్కరుతో రాసి పెట్టండి. ఓఆర్ఎస్ పొట్లం ఎంత నీటికో దాని మీద ఉన్నంతకే కలపండి. విరేచనాలకి జింకు ఆరు నెలల లోపు రోజుకి 10 మిల్లీగ్రాములు, ఆపైన 20, విరేచనాలు తగ్గినా 14 రోజులూ ఇవ్వాలి.

లంగోటీల గురించి కొంచెం ఎక్కువ రాయాలి. మన ఊళ్లో ఈ బాధ లేదు కాబట్టి వెళ్లేవాళ్లకి ఇది తట్టదు. అక్కడ మామిడి ఈగ అని పిలిచే ఈగ ఒకటుంది. నీడలో ఆరేసిన తడిగుడ్డ మీద, ఉచ్చ పడిన ఇసుకలో గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో అందులోంచి కంటికి ఆనని పురుగు బయటికొచ్చి, గుడ్డ మడతల్లో వారం పైనే కాచుకుని ఉండగలదు. ఒంటి వెచ్చదనం తగలగానే చర్మంలోకి దూరుతుంది. అప్పుడు బిడ్డ ఏడవదు కూడా. వారం పది రోజులకి నడుము దగ్గరో, పిర్ర మీదో సెగ్గడ్డలా ఎర్రగా లేస్తుంది. దగ్గరగా చూస్తే నడుమ సూది మొనంత రంధ్రం ఉంటుంది, అందులో తడి మెరుస్తూ, ఏదో కదిలి లోపలికి పోయినట్టుంటుంది. పురుగు గాలి పీల్చుకునేది ఆ రంధ్రంలోంచే. యాంటీబయాటిక్ పోస్తే చావదు. రంధ్రం పూర్తిగా కప్పేలా వ్యాజలిన్ మందంగా రాసి కాసేపు ఉంచితే గాలాడక పురుగు పైకొస్తుంది. అప్పుడు రెండు పక్కలా వేళ్లతో మెల్లగా నొక్కితే మొత్తం వచ్చేస్తుంది. పైకి రాకముందే పిసికితే లోపల చిట్లి చీము పడుతుంది. చెయ్యి తిరగనివాళ్లు దగ్గరి క్లినిక్‌కి వెళ్లడం మేలు, అక్కడి నర్సులకి ఇది రోజువారీ పని.

రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. గుడ్డలు నేలమీద, గడ్డిమీద, కంచెమీద ఆరేయొద్దు. బయట ఆరేసిన ప్రతి గుడ్డనీ రెండు వైపులా బాగా వేడి ఇస్త్రీ చెయ్యాలి. చాలామంది మధ్యలో రుద్ది వదిలేస్తారు. కుట్లు, మడతలు, నాడాలు, ఎలాస్టిక్ ఉన్న అంచులే ముఖ్యం, గుడ్లు మిగిలేది అక్కడే. కరెంటు పోతే ఆగిపోకుండా ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టె ఇంట్లో ఉండాలి, అక్కడ ఇంకా వాడుకలోనే ఉంది. ఇస్త్రీకి ఓర్వని ప్లాస్టిక్ పూత లంగోటీలని జాలీ ఉన్న గదిలోనే ఆరేసుకోవాలి. పక్క దుప్పట్లు, తువ్వాళ్లు, బిడ్డని వీపున కట్టుకునే గుడ్డ, తల్లి లోదుస్తులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మార్చి నుంచి మే దాకా ఒకసారి, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఒకసారి వానలు. ఆ రోజుల్లో గుడ్డ ఆరడానికి రెండు రోజులు పడుతుంది. రోజుకి పన్నెండు చొప్పున మూడు రోజులకి సరిపడా ముప్పై ఆరు లంగోటీలు, మెత్తటి పాత నూలు చీరల పొత్తిగుడ్డలు ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. పెట్టెలో ఖాళీ ఉంటే ఆటవస్తువులు తీసేసి ఇవే పెట్టండి.

తిండికి బెంగపడాల్సిన పనిలేదు. మనం చోళ్లు అనే రాగులు పుట్టిందే తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల్లో. అక్కడి బజారులో గింజలు దొరుకుతాయి. కంపాలాలో భారతీయ దుకాణాలున్నాయి, కందిపప్పుకి లోటుండదు. గింజలు, విత్తనాలు పెట్టెలో పెట్టుకెళితే కస్టమ్స్‌లో ఆపేస్తారు, వద్దు. ఆరో నెల నిండేదాకా తల్లిపాలే. ఆ తర్వాత చోడిజావ. గింజలు కొని, రాళ్లేరి, ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి ఒక రోజు ఉంచితే మొలకలొస్తాయి. ఆరబెట్టి, దోరగా వేయించి, పట్టించి, జల్లించుకోవాలి. మొలకెత్తిన పిండితో జావ పలచగా జారుతుంది, అందువల్ల పిండి కాస్త ఎక్కువ పట్టి, బిడ్డ తక్కువ తిన్నా బలం అందుతుంది. రెండు చెంచాల పిండిని చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, చిన్న గ్లాసుడు నీళ్లలో ఎనిమిది పది నిమిషాలు ఉడకనివ్వండి. దుకాణంలో సిద్ధంగా అమ్మే జావ పిండి కొనకండి. అందులో మొక్కజొన్న, వేరుశనగ కలుపుతారు. ఆ రెండిటికీ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరడం ఆ ప్రాంతంలో పాత సమస్య. 2004లో కెన్యాలో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. ఉడికించినా ఆ విషం పోదు. మిల్లులో మీ చోళ్లకి ముందు మొక్కజొన్న పట్టి ఉంటే మొదటి గుప్పెడు పిండి పారబొయ్యండి.

అక్కడివాళ్లు అరటాకుల్లో ఉడికించి మెదిపే మటోకే, అంటే పచ్చి అరటికాయ ముద్ద, బిడ్డకి భేషుగ్గా సరిపోతుంది. కాకపోతే అందులో ఇనుము, మాంసకృత్తులు తక్కువ. పప్పో, గుడ్డు పచ్చసొనో కలిపి పెట్టాలి. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు. డబ్బాపాలు తప్పనిసరైతే నీళ్లు తెర్లించి, 70 డిగ్రీలకి తగ్గకముందే, అంటే దించిన అరగంటలోపే పొడి కలపాలి. పొడిలో ఉండే సూక్ష్మజీవి ఆ వేడికే చస్తుంది. చల్లార్చి పట్టాలి, రెండు గంటలు దాటితే పారబొయ్యాలి. అక్కడి కరెంటు సాకెట్టు బ్రిటన్ తరహా మూడు పలకల పిన్నులది, మన ప్లగ్గు అందులో దూరదు. మారుపిన్నులు నాలుగు పట్టుకెళ్లండి. బోడా బోడా అనే మోటారుసైకిల్ టాక్సీ ఎక్కడ చూసినా ఉంటుంది, బిడ్డతో ఎక్కకండి.

తల్లి గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. మన అమ్మాయికి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. నూనె పట్టించడానికి, నీళ్లు పొయ్యడానికి, రాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తుకోవడానికి చేతులుంటాయి. విమానం దిగిన మర్నాటి నుంచి ఆ చేతులేవీ ఉండవు. భర్త సంఘాల పరిచయానికి వారంపాటు ఊళ్లమ్మట వెళ్తాడు. భాష తెలియని పేటలో, దోమతెర కింద, తల్లీబిడ్డా మిగులుతారు. ఆమె కన్నీళ్లు రెండు వారాలు దాటినా ఆగకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే అది ప్రసవానంతర కుంగుబాటు. జబ్బు. మందుంది, నయమవుతుంది. విశ్వాసం తక్కువైందనీ, ప్రార్థన జీవితం సన్నగిల్లిందనీ ఆమెతో అనడం పాపం. ఆ మాట అన్నాక ఆమె ఇక ఎవరికీ చెప్పుకోదు.

పంపే సంఘం చెయ్యగలిగింది ఉంది. స్త్రీల సమాజంలో నర్సో, అనుభవం ఉన్న తల్లో ఒకామెని ఎంచుకుని, వారానికోసారి తప్పకుండా ఆ తల్లితోనే మాట్లాడించాలి. భర్త ద్వారా కబురు తెలుసుకుంటే చాలదు. ప్రార్థన విన్నపాల ఉత్తరంలో మంచి కబుర్లే ఉంటాయి, దాన్ని బట్టి అంచనా వెయ్యకూడదు. 'ఎన్ని గంటలు నిద్రపోయావమ్మా? ఏం తిన్నావు? బిడ్డ బరువెంత? ఈ వారం ఎన్నిసార్లు ఏడ్చావు?' అని నేరుగా అడగాలి. అక్కడి టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. మనకి రాత్రి ఎనిమిదైతే వాళ్లకి సాయంత్రం ఐదున్నర, బిడ్డకి పెట్టే వేళ. మనకి మధ్యాహ్నం నాలుగున్నరకి చేస్తే అక్కడ రెండవుతుంది, బిడ్డ నిద్రలో ఉంటుంది, తల్లి మనసువిప్పి మాట్లాడగలదు. మొదటి మూడు నెలలు భర్తకి రాత్రి బసల సేవ పెట్టొద్దు. అమ్మమ్మనో నాన్నమ్మనో పంపాలనుకుంటే మొదటి నెల కన్నా మూడో నెలలో పంపండి. మొదట్లో కొత్త ఊరి హడావుడి ఉంటుంది, మూడో నెలకి ఒంటరితనం బాగా పట్టుకుంటుంది. ఆ పేటలోని తల్లులు బిడ్డని వీపున కట్టుకోవడం నేర్పుతామంటే నేర్చుకోమనండి. రెండు చేతులూ ఖాళీ అవుతాయి, అంతకన్నా ముఖ్యం, నలుగురు స్నేహితులు దొరుకుతారు.

డబ్బు సంగతి క్లుప్తంగా. విదేశాలకి డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం వ్యక్తులకే, ట్రస్టుల ఖాతాల నుంచి దాని కింద బయటికి పంపడం కుదరదు. జీతం ఏ దారిన వెళ్తుందో వెళ్లకముందే ఆడిటరుతో తేల్చుకోండి. రెండు నెలల జీతం ఆగిపోతే ముందు తెగ్గోసేది బిడ్డ తిండినీ మందులనీ. బడ్జెట్‌లో బిడ్డ పేరుతో ఒక పద్దు ఉండాలి: టీకాలు, తెరలు, నెలకోసారి డాక్టరు, తల్లీబిడ్డా వెంటనే తిరిగి రావడానికి టికెట్ డబ్బు. ఆరోగ్య బీమాలో పసిబిడ్డకి ఏ రోజు నుంచి వర్తిస్తుందో, విమానంలో తరలింపు ఉందో లేదో చదివి చూడండి. తూర్పు ఆఫ్రికాలో నైరోబీ కేంద్రంగా రోగుల్ని విమానంలో తరలించే ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ సంస్థవాళ్లు ఏడాది సభ్యత్వం ఇస్తారు, పల్లెలో సేవ చేసే కుటుంబానికి అది ఉండాలి.

సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. వచ్చిన మూడు నెలల్లోపు బిడ్డకి గానీ పెద్దవాళ్లకి గానీ జ్వరమొస్తే, డాక్టరు అడిగేదాకా ఆగకుండా 'ఆఫ్రికా నుంచి వచ్చాం, ఫలానా తేదీన దిగాం' అని ముందే చెప్పి, అదే పూట మలేరియా పరీక్ష చేయించండి.

ఇట్లు,
విదేశీ సేవకు వెళ్లే కుటుంబాలను సిద్ధం చేసే కొందరు నర్సులు, డాక్టర్లు,
విశాఖపట్నం